కొబ్బరినూనె పేరుకున్న పొద్దున

బెజవాడకు చలికాలం ఎప్పుడొచ్చిందో మా ఇంట్లో కొబ్బరినూనె సీసా చెప్పేది. ధనుర్మాసంలో ఓ నాలుగైదు రోజులు తెల్లారేసరికి నూనె తెల్లగా పేరుకుపోయి, సీసా బోర్లించినా చుక్క రాలేది కాదు. అమ్మ దాన్ని పెరటి గోడ మీద ఎండ తగిలే చోట పెట్టేది. తొమ్మిదింటికల్లా మళ్ళీ నూనె. కొబ్బరినూనె కరిగేది సుమారు 24 డిగ్రీల దగ్గర. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ ఊరి గాలి ఆ గీతకు పైనే ఉంటుంది. అందుకే మనకు కొబ్బరినూనె అంటే పారేదనే లెక్క, పేరుకోవడమే వింత.

సరిగ్గా ఆ 24 డిగ్రీల గీత మీదే ఇంకో పదార్థం కథ కూడా మలుపు తిరుగుతుంది. అది రోషెల్ సాల్ట్. రసాయనం పేరు సోడియం పొటాషియం టార్ట్రేట్. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లా రోషెల్ పట్టణంలో సెన్యెట్ అనే మందుల వ్యాపారి దాన్ని విరేచనాల మందుగా అమ్మాడు. 1920లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాలసెక్ ఆ ఉప్పు స్ఫటికానికి విద్యుత్ క్షేత్రం పెట్టి చూశాడు. క్షేత్రం తీసేశాక కూడా స్ఫటికంలో ఒకవైపు ధనం, ఒకవైపు రుణం మిగిలే ఉన్నాయి. ఎదురు దిశలో గట్టిగా క్షేత్రం పెడితే అవి తారుమారయ్యాయి. ఇనుము అయస్కాంతమైనట్టే ఇది విద్యుత్తులో 'అయస్కాంతం' అయింది. ఇలాంటి పదార్థాలకు ఫెర్రోఎలక్ట్రిక్ అనే పేరు స్థిరపడింది. ఫెర్రో అంటే ఇనుము. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో ఇనుమూ అంతే.

రోషెల్ సాల్ట్‌కి ఈ గుణం సున్నాకి దిగువన 18 డిగ్రీల నుంచి ఎగువన 24 డిగ్రీల దాకా మాత్రమే. అటు దాటినా ఇటు దాటినా పోతుంది. అంటే రోహిణి కార్తెలో బెజవాడ బల్ల మీద పెట్టిన రోషెల్ సాల్ట్ ఫెర్రోఎలక్ట్రిక్ కానే కాదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మాత్రం అవుతుంది. పక్కన కొబ్బరినూనె సీసా పెట్టుకుంటే చాలు, థర్మామీటరు అక్కర్లేదు. (2020 నుంచి మన దేశంలో కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 మీద మొదలవ్వాలని నిబంధన. కరెంటు ఆదా కోసం పెట్టింది. రోషెల్ సాల్ట్‌ని ఎవరూ మనసులో పెట్టుకోలేదు గానీ, సరిగ్గా గట్టు మీద నిలబెట్టారు.)

24 దాటాక ఉప్పు కరగలేదు, రంగు మారలేదు, పగల్లేదు. చేత్తో పట్టుకుంటే ఏ తేడా తెలియదు. లోపల అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్న చిన్న చిన్న విద్యుత్ బాణాలు ఆ కట్టుబాటు వదిలేశాయి, అంతే. ఘనం ఘనంగానే ఉంటూ లోపలి వరస మారడాన్ని ప్రావస్థా పరివర్తన అంటారు. అది జరిగే వేడిని క్యూరీ బిందువు అంటారు. ఒకప్పటి రికార్డు ప్లేయర్లలో సూది పట్టే 'క్రిస్టల్ పికప్'లో ఉండేది ఈ ఉప్పే. వేడి, తేమ రెండూ దానికి శత్రువులు. కోస్తా జిల్లాల్లో దానికి ఎలాంటి ఆయుష్షు ఉంటుందో ఊహించుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేరియం టైటనేట్ వచ్చింది. దాని క్యూరీ బిందువు 120 డిగ్రీలు. ఎండ బాధ తీరింది గానీ అది పింగాణీ, వంచితే పుటుక్కున విరుగుతుంది. వంగేది, చుట్టేది, కత్తెరతో కోసుకునేది కావాలంటే 1969 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది జపాన్‌లో హెయిజి కవాయి ఒక ప్లాస్టిక్ ఫిల్మ్‌ని సాగదీసి, దానికి గట్టి విద్యుత్ క్షేత్రం పెట్టి, నొక్కితే విద్యుత్తు పుట్టించే పదార్థంగా మార్చాడు. ఆ ప్లాస్టిక్ పాలివినైలిడీన్ ఫ్లోరైడ్. అందరూ పీవీడీఎఫ్ అంటారు.

దీని ఇద్దరు చుట్టాలూ మీ వంటింట్లోనే ఉన్నారు. కూరగాయలు తెచ్చుకునే క్యారీ బ్యాగు పాలిథీన్. అందులో కార్బన్ గొలుసుకు రెండు పక్కలా హైడ్రోజన్లే. అట్టు అంటుకోని పెనం మీద పూత టెఫ్లాన్. అక్కడ రెండు పక్కలా ఫ్లోరిన్లే. పీవీడీఎఫ్ ఈ రెంటికీ మధ్యది. గొలుసులో ఒక కార్బన్‌కి రెండు హైడ్రోజన్లు, తర్వాతి దానికి రెండు ఫ్లోరిన్లు, మళ్ళీ హైడ్రోజన్లు, మళ్ళీ ఫ్లోరిన్లు. ఫ్లోరిన్ అంత ఎలక్ట్రాన్ల ఆశపోతు ఇంకొకటి లేదు. తన వైపు లాగేసుకుంటుంది. దాంతో గొలుసులో ప్రతి కడీ, అంటే పక్కపక్కనున్న ఆ రెండు కార్బన్ల జత, ఒక బాణమవుతుంది, ఫ్లోరిన్ వైపు రుణం, హైడ్రోజన్ వైపు ధనం.

బాణాలు ఉన్నంత మాత్రాన సరిపోదు, అవి ఎటు చూస్తున్నాయన్నదే లెక్క. కార్బన్ గొలుసు ప్రతి బంధం దగ్గరా మలుపు తిరగగలదు. నిటారు మలుపుని ట్రాన్స్ అంటారు, పక్క మలుపుని గౌష్. పీవీడీఎఫ్‌ని కరిగించి మామూలుగా చల్లారనిస్తే గొలుసు ఒక ట్రాన్స్, ఒక గౌష్, ఒక ట్రాన్స్, ఒక ఎదురు గౌష్ చొప్పున ముడుచుకుంటుంది. ఇది ఆల్ఫా రూపం. ఒక్కో గొలుసుకి ఎంతో కొంత బాణం మిగులుతుంది గానీ, స్ఫటికంలో పక్క గొలుసు దానికి ఎదురు తిరిగి కూర్చుంటుంది. పెళ్ళి భోజనాల్లో ఎదురెదురు బంతులు గుర్తు చేసుకోండి. ఈ బంతి వాళ్ళు తూర్పు చూస్తే ఆ బంతి వాళ్ళు పడమర చూస్తారు. మొత్తం మీద ఎటు చూస్తున్నారంటే ఎటూ లేదు. ఆల్ఫా అదే. కరెంటు పరంగా దానికీ క్యారీ బ్యాగుకీ పెద్ద తేడా లేదు.

బీటా రూపంలో మలుపులన్నీ ట్రాన్స్. గొలుసు పూర్తిగా చాచుకుని ఉంటుంది. ఫ్లోరిన్లన్నీ ఒక పక్కకు, హైడ్రోజన్లన్నీ ఇంకో పక్కకు. పక్క గొలుసులూ అదే దిక్కు. భోజనాల బంతులు లేచి హరికథ వేదిక వైపు తిరిగి కూర్చున్నట్టు. మనకు కావాల్సింది ఇది.

ఆల్ఫాని బీటా చేయడానికి మార్గం సాగదీయడమే. కారణం కొలతల్లోనే ఉంది. ఆల్ఫాలో రెండు కడీల పొడవు 4.62 ఆంగ్‌స్ట్రామ్‌లు. బీటాలో ఒక కడీ 2.56, అంటే రెంటికి 5.12. ఒకే గొలుసు బీటాకి మారితే పదో వంతు పొడుగవుతుంది. రెండు చివర్లూ పట్టుకుని లాగుతుంటే ఆ పొడుగుదనం వైపే మొగ్గుతుంది. మంగళగిరి వీధుల్లో పడుగు బిగదీసి గంజి పట్టించే నేతగాడికి ఈ సంగతి కొత్తేం కాదు. పోగులన్నీ ఒకే దారిన పడాలంటే ముందు బిగువు ఉండాలి.

సాగదీయడం దగ్గరుండి చూడాల్సిన పని. వేలెడు వెడల్పు ముక్కని 80 డిగ్రీల వేడిలో పట్టుకార్ల మధ్య బిగించి మెల్లగా లాగితే, మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. ఉన్నట్టుండి మధ్యలో ఎక్కడో ఒక చోట నడుము సన్నబడుతుంది. తర్వాత ఆ నడుము అటూ ఇటూ పాకుతూ మిగతా ముక్కని తినేస్తూ పోతుంది. నాలుగైదు రెట్లు పొడుగయ్యేసరికి దాదాపు అంతా నడుమే. ఇంకా తక్కువ వేడిలో లాగితే తెగుతుంది, బాగా ఎక్కువ వేడిలో లాగితే గొలుసులు జారిపోయి ఆల్ఫా ఆల్ఫాగానే ఉంటుంది. మన పాకం పట్టే వాళ్ళకు లేతకీ ముదురుకీ మధ్య ఉండే ఆ కాస్త సందు లాంటిదే ఇదీ.

నిజానికి నా మొదటి ఫిల్మ్ సాగదీసే దాకా రాలేదు. బెజవాడ దగ్గర ఒక కాలేజీ ప్రయోగశాలలో, ఆగస్టు నెలలో, పీవీడీఎఫ్ పొడిని డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణిలో కరిగించి, గాజు పలక మీద పోసి, రాత్రంతా ఆరబెట్టి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే అద్దంలా ఉండాల్సింది పాల మీది మీగడలా తెల్లగా, మొద్దుగా ఉంది. వేలు పెడితే పొడి రాలింది. పొడి మంచిది కాదేమోనని అనుమానించాను, పలక కడిగిన అబ్బాయిని అనుమానించాను. తప్పంతా గాలిది. ఆ ద్రావణికి నీళ్ళంటే ప్రాణం, పీవీడీఎఫ్‌కి నీళ్ళంటే పడదు. కృష్ణ పొంగే రోజుల్లో ఈ గాలిలో ఉండే తేమని ద్రావణి పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ ప్లాస్టిక్ అందులోంచి విడిపోయి స్పాంజిలా గట్టిపడుతుంది. ఆ రంధ్రాల్లో వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. ఇలా విడిపోవడం వేరు, పైన చెప్పిన పరివర్తన వేరు. రెంటినీ కలిపి చదువుకుని నేను ఓ వారం పోగొట్టుకున్నాను. మళ్ళీ పోసి, ఈసారి పలకని మొదటి నుంచీ వేడి పలక మీద 70 డిగ్రీల దగ్గర ఆరబెడితే తేటగా వచ్చింది. నాకు నష్టమైన ఆ రంధ్రాలే నీళ్ళ వడపోత పొరలు చేసేవాళ్ళకు లాభం. సూక్ష్మ వడపోత పొరలు చాలా మటుకు పీవీడీఎఫ్‌తో, కావాలనే ఇలా తేమతోనో నీళ్ళతోనో విడగొట్టి చేస్తారు.

సరే, తేట ఫిల్మ్ వచ్చింది. అది ఆల్ఫానా, బీటానా? కంటికి తెలియదు. పరారుణ కాంతి పంపి, ఏ పౌనఃపున్యాలను మింగుతుందో చూడాలి. సెంటీమీటరుకు 766 తరంగాల దగ్గర గుంట పడితే ఆల్ఫా. 840 దగ్గర పడితే బీటా అంటారు గానీ అక్కడ గామా అనే మూడో రూపం కూడా వచ్చి కూర్చుంటుంది, కాబట్టి 1275 కూడా చూసుకోవాలి. ఒక స్ఫటికంలో ఏ కంపనం పరారుణ కాంతికి పలుకుతుందో, ఏది రామన్ ఫలితంలో కనబడుతుందో స్ఫటికపు సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్క కట్టవచ్చు. ఆ లెక్క కట్టే పద్ధతుల్లో ఒకదానికి పునాది వేసిన మనిషి ఇక్కడివాడే.

విజయవాడ నుంచి నూజివీడు పోయే దారిలో, శోభనాచలం కొండ కింద ఉన్న ఊరు ఆగిరిపల్లి. సూరి భగవంతం 1909లో పుట్టింది అక్కడే. 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర చేరారు. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. గణితం మనిషైన టి. వెంకటరాయుడితో కలిసి 1939లో స్ఫటిక కంపనాలను సౌష్ఠవ గణితంతో వర్గీకరించే పద్ధతి ప్రకటించారు. 1948లో ఆ ఇద్దరి పుస్తకం, భౌతిక సమస్యలకు గ్రూపు సిద్ధాంతం అన్వయం గురించినది, ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. తర్వాత ఆయన బెంగళూరు సైన్సు సంస్థకు డైరెక్టరయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారయ్యారు. ఆ పదవుల గురించే మనవాళ్ళు ఎక్కువ చెప్పుకుంటారు. నాకైతే వాల్తేరులో కూర్చుని, కాగితం మీద, స్ఫటికాన్ని తాకకుండా దాని గుణాలు రాబట్టిన ఆ లెక్కే పెద్దదిగా తోస్తుంది.

ఆ లెక్క రుచి ఒకసారి చూద్దాం. ధనుర్మాసం ముగ్గుల్లో చుక్కల ముగ్గు ఒకటి తీసుకోండి. నాలుగు పక్కల నుంచీ ఒకేలా ఉంటుంది. వీధిలో ఏ ఇంటి వైపు నుంచి చూసినా తేడా లేదు, కాబట్టి దానికి 'ముందు' అనేదే లేదు. కనుమ నాడు వేసే రథం ముగ్గు అలా కాదు. దానికి ముందూ వెనకా ఉన్నాయి, తాడు కూడా ఉంది. స్ఫటికాలను సౌష్ఠవాన్ని బట్టి 32 తరగతులుగా విడదీస్తారు. వాటిలో 20 తరగతులకు నొక్కితే విద్యుత్తు పుట్టే యోగ్యత ఉంది. అందులో మళ్ళీ 10 మాత్రమే రథం ముగ్గులు, అంటే క్షేత్రం ఏదీ పెట్టకపోయినా తమంతట తాము ఒక దిక్కు చూడగలిగేవి. బీటా పీవీడీఎఫ్ ఆ పదింట్లో ఉంది. ఆల్ఫా ఆ ఇరవైలో కూడా లేదు. అణువులు అవే, గొలుసు అదే, ముగ్గు మారింది.

రథం ముగ్గులో ఇంకో సంగతుంది. మా వీధిలో ఒక ఇంటి రథం తాడుని పక్కింటి వాళ్ళు తమ ముగ్గుకి కలిపేవాళ్ళు, వాళ్ళది ఆ పక్కవాళ్ళు. ఒకరు తూర్పుకి లాగితే వీధంతా తూర్పుకే. ఫెర్రోఎలక్ట్రిక్‌లో జరిగేదీ ఇంతే. ఒక గొలుసు దిక్కు పక్క గొలుసుల దిక్కు మీద ఆధారపడి ఉంటుంది. కానీ ఈ వీధి తూర్పుకి లాగితే వెనక వీధి పడమరకి లాగొచ్చు. సాగదీసి తీసిన ఫిల్మ్‌లో అలాంటి వీధులు లక్షలుంటాయి. వాటన్నిటినీ ఒకే వైపుకి తిప్పాలంటే ఫిల్మ్‌కి రెండు వైపులా లోహపు పూత వేసి బలమైన క్షేత్రం పెట్టాలి. మైక్రాన్‌కి సుమారు 50 వోల్టులు కావాలి. 28 మైక్రాన్ల ఫిల్మ్‌కి అది 1400 వోల్టులు. ఎక్కడైనా సూది మొనంత దుమ్ము ఉందా, టప్‌మని ఒక నీలి మెరుపు, ఫిల్మ్‌లో ఒక బెజ్జం, మళ్ళీ మొదటికి.

అన్నీ కుదిరిన ఫిల్మ్‌ని చదరపు సెంటీమీటరు ముక్క కోసి, మీద వంద గ్రాముల బరువు పెడితే పుట్టే విద్యుదావేశం సుమారు 30 పికోకూలంబులు. వోల్టుల్లో 0.08 దాకా. ఒక చిత్రమేమిటంటే, మామూలు పింగాణీ ఫెర్రోఎలక్ట్రిక్‌లని నొక్కితే ఏ గుర్తు వస్తుందో దీన్ని నొక్కితే దానికి వ్యతిరేక గుర్తు వస్తుంది. అదేమిటని విద్యార్థులు తీగలు అటూ ఇటూ మార్చి కట్టుకుంటూ ఉంటారు. తీగలది తప్పు కాదు, ఈ ప్లాస్టిక్ స్వభావమే అంత.

ఇక క్యూరీ బిందువు సంగతి. పీవీడీఎఫ్‌ని వేడి చేస్తూ పోతే ఎక్కడ వరస చెదురుతుందో చూద్దామంటే చూడనివ్వదు. ఆ చోటు రాకముందే, 170 డిగ్రీల దగ్గర, తానే కరిగిపోతుంది. ఈ చిక్కు తప్పించడానికి గొలుసులో అక్కడక్కడా మూడు ఫ్లోరిన్లున్న కడీలు, ట్రైఫ్లోరోఎథిలీన్‌వి, కలిపారు. ఇవి కాస్త లావు. అవి చొరబడ్డాక గొలుసుల మధ్య ఎడం పెరుగుతుంది. గొలుసు వెంబడి మాత్రం ఇరుకవుతుంది. ఆ ఇరుకులో గౌష్ మలుపు కుదరక గొలుసు తనంతట తానే బీటా వరసలో చాచుకుంటుంది. సాగదీసే పనే లేదు. పైగా క్యూరీ బిందువు కరిగే చోటు కంటే కిందకి దిగి వచ్చింది. 70 పాళ్ళు పాతది, 30 పాళ్ళు కొత్తది కలిపితే వేడి చేసేటప్పుడు 100 డిగ్రీలు దాటాక వరస చెదురుతుంది. సగం సగం కలిపితే 70 దగ్గరే. 1980 ప్రాంతంలో ఈ మార్పు స్పష్టంగా కనబడ్డాకే, ప్లాస్టిక్ కూడా అసలైన ఫెర్రోఎలక్ట్రిక్కేనని చాలామంది ఒప్పుకున్నారు.

ఆ 70:30 ఫిల్మ్‌ని 100 దాటించి, వరస చెదిరాక, మళ్ళీ చల్లార్చండి. 100కి దిగగానే వరస తిరిగి వస్తుందనుకుంటాం. రాదు. 90 దగ్గరా రాదు, 80 దగ్గరా రాదు. 65 ప్రాంతానికి వచ్చాక గానీ గొలుసులు మళ్ళీ సర్దుకోవు. పొద్దుగూకాక కూడా డాబా వేడి వదలదు చూడండి, ఇది అలాంటిది కాదు. ఇక్కడ ఫిల్మ్ నిజంగానే 80 డిగ్రీలకు చల్లారింది, వేడి ఎక్కడా దాక్కోలేదు. అయినా వెళ్ళేటప్పుడు ఆ 80లో వరసగా ఉన్నది, వచ్చేటప్పుడు అదే 80లో చెదిరి ఉంది. ఉష్ణోగ్రత ఒక్కటి చెబితే అది ఏ స్థితిలో ఉందో చెప్పలేం, ఎటు నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. కొబ్బరినూనె దగ్గర ఇదే చూశాం, పట్టించుకోలేదు. 24కి కరిగే నూనె 24కి పేరుకోదు, ఇంకా చలి పడితేనే పేరుకుంటుంది. ఏ గొలుసూ ఒంటరిగా మారలేదు. చెదిరిన గుంపు మధ్యలో ముందు ఒక చిన్న వరస ఏర్పడాలి, దాని చుట్టూ మిగతావి చేరాలి. ఆ మొదటి నలుగురూ దొరకడానికే ఆలస్యమంతా.

వరస నిలబడాలంటే ఎంత మంది కావాలన్నది ఇంకో ప్రశ్న. ఫిల్మ్‌ని పలచన చేస్తూ పోతే ఏదో ఒక మందం కింద ఫెర్రోఎలక్ట్రిక్ గుణం చచ్చిపోతుందని చాలాకాలం అనుకున్నారు. దోమలు పెరగకుండా కాలవ నీళ్ళ మీద చల్లిన నూనె ఎలా పలచగా పరుచుకుంటుందో, అలాగే ఈ ప్లాస్టిక్‌ని నీటి మీద పరిచి, ఆ పొరను పలక మీదకి ఎత్తుకోవచ్చు. ఎత్తే విద్య లాంగ్‌మ్యూర్, బ్లాడ్జెట్‌లది. 1998లో మాస్కో, నెబ్రాస్కా శాస్త్రవేత్తలు కలిసి ఇలా తీసిన ఒక నానోమీటరు మందం పొర కూడా ఫెర్రోఎలక్ట్రిక్కేనని నేచర్ పత్రికలో ప్రకటించారు. పలచనైతే మరో సుఖముంది. నా 28 మైక్రాన్ల ఫిల్మ్‌కి 1400 వోల్టులు కావాల్సి వస్తే, మైక్రాన్‌లో పదో వంతు మందానికి 5 వోల్టులు చాలు. ఫోను చార్జరు ఇచ్చేపాటి వోల్టేజీ. పైకి చూసే బాణం ఒకటి, కిందకి చూసే బాణం సున్నా అనుకుంటే అది జ్ఞాపకం దాచుకునే చిప్పు అవుతుంది.

పీవీడీఎఫ్ నాలుగో రూపం పేరు డెల్టా. కృష్ణా డెల్టా వాడిని కాబట్టి దాన్ని చెప్పకుండా వదల్లేను. ఆల్ఫా గొలుసుల ముడుపు అలాగే ఉంచి, గట్టి క్షేత్రంతో ఎదురు బంతుల్ని మాత్రం ఒకే వైపు తిప్పితే వచ్చేది డెల్టా. సాగదీయకుండానే పని జరుగుతుంది. 2013లో దీనితో పలచని జ్ఞాపకశక్తి ఫిల్మ్‌లు చేసి చూపించాక మళ్ళీ అందరి కళ్ళూ దీని మీద పడ్డాయి.

ఫ్లోరిన్ లేకపోతే ఇదంతా లేదా అంటే, ఉంది. బందరు దగ్గర గిలకలదిండి రేవుకి వెళ్తే వలలు కుప్పలుగా పోసి ఉంటాయి. వల పోగుల్లో బాగా వాడేది నైలాన్-6. ఆ ఆరు అనేది ఒక కడీలో కార్బన్ల లెక్క. నైలాన్ గొలుసులో ప్రతి కడీకీ ఒక ఎమైడ్ బాణం ఉంటుంది. కడీలో కార్బన్లు సరిసంఖ్యలో ఉంటే చాచిన గొలుసులో ఒక బాణం పైకి, తర్వాతిది కిందకి పడి కొట్టేసుకుంటాయి. బేసి సంఖ్యలో ఉంటే అన్నీ ఒకే వైపు పడతాయి. నైలాన్-11 అలా ఫెర్రోఎలక్ట్రిక్ అవుతుంది. దాన్ని కరిగించి చప్పున చల్లార్చి, సాగదీసి, క్షేత్రం పెట్టాలి. ఆ పదకొండు కార్బన్ల కడీ తయారయ్యేది ఆముదం నుంచి. నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లో పండే ఆముదం గింజ నూనెకి వేడి తగిలిస్తే దాని అణువు ఒక చోట విరిగి పదకొండు కార్బన్ల ముక్కనిస్తుంది. రేవులో వల బాగు చేసుకుంటున్న ఒకాయనకి ఈ సరి-బేసి సంగతంతా చెప్పాను. ఆయన పోగు పళ్ళతో కొరికి, ముడి బిగించి, "ఆముదంతో చేసిన వలకి చేపలెక్కువ పడతాయా బాబూ?" అన్నాడు. పడవని చెప్పాను.